కోయకుండా మాన్పిన ప్లీహం: మళ్లీ ఎప్పుడు చూడాలి?



బండి మీద నుంచి పడ్డ మనిషిని దవాఖానకు తీసుకుపోతారు. ఎడమ పక్కటెముకల కింద నొప్పి అంటాడు. సీటీ స్కాన్ తీస్తారు. ప్లీహం చీలింది, కడుపులో కొంత నెత్తురు చేరింది, అయినా ఆపరేషన్ అక్కర్లేదు, పడక మీద ఉంచి కనిపెట్టుకుని ఉంటాం అంటారు డాక్టర్లు. ఇంటివాళ్లకు అక్కడ మొదటి భయం పుడుతుంది. లోపల నెత్తురు కారుతుంటే కోసి ఆపరా? ఊరికే చూస్తూ కూర్చుంటారా? మూడో రోజుకు ఆ మనిషి లేచి కూర్చుని జావ తాగుతాడు. ఇక ఇంటికి పోదాం అని సంచి సర్దుకుంటుంటే, డాక్టరు వచ్చి ఇంకోసారి స్కాన్ తీయాలంటాడు. బాగున్న మనిషికి మళ్లీ స్కాన్ ఎందుకు, డబ్బుల కోసమా అని రెండో అనుమానం. అదే గాయంతో ఇంకో దవాఖానలో ఉన్నవాళ్లకు అక్కడి డాక్టరు, స్కాన్ ఏమీ వద్దు, ఇంటికి పోవచ్చు అంటాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

ఈ పూట ఆ రెండో స్కాన్ గురించి మాట్లాడతాను. నాందేడ్ జిల్లాలో కిన్వట్‌ను ఆనుకుని ఉన్న గోకుందను మనసులో పెట్టుకుని మాట్లాడతాను. దానికి కారణం ఉంది. ఈ విషయం మీద వైద్య గ్రంథాల్లో ఉన్న సలహాలు చాలావరకు పెద్ద నగరాల్లో పుట్టాయి. అక్కడ రోగి మంచానికీ సీటీ యంత్రానికీ మధ్య ఒక లిఫ్టు దూరం. గోకుందలో ఉపజిల్లా ఆసుపత్రి ఉంది. దాన్ని దాటి పెద్ద వైద్యం కావాలంటే ఒక దిక్కున నాందేడ్ దగ్గరి విష్ణుపురిలో డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అది వంద కిలోమీటర్లకు పైమాటే. ఇంకో దిక్కున రాష్ట్రం ఎల్ల దాటితే ఆదిలాబాద్ రిమ్స్. అది దగ్గర, కానీ అది తెలంగాణ. ఈ దారుల పొడవు కూడా వైద్యంలో లెక్కలోకి రావాలని నా నమ్మకం. చివరికి చెప్పబోయేది అదే.

ముందు ప్లీహం సంగతి. ఎడమవైపు తొమ్మిదో ఎముక నుంచి పదకొండో ఎముక దాకా, పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు ఇంచుమించు 150 గ్రాములు. అంత చిన్నదానిలోకి గుండె తోడిపోసే నెత్తురులో ఇరవయ్యో వంతు పోతుంటుంది. అందుకే అది చీలితే కడుపు నిండా నెత్తురవుతుంది. ముసలివైన ఎర్రకణాలను ఏరి పారేయడం దాని పని. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. న్యూమోకాకస్ లాంటి కొన్ని సూక్ష్మజీవులు ఒంటి చుట్టూ జిగురు పొర కప్పుకుని నెత్తురులో తిరుగుతాయి. వాటిని పట్టుకోవడంలో ప్లీహాన్ని మించింది లేదు.

ఈ రెండో పని చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ప్లీహం చీలిందంటే కడుపు కోయడం, దాన్ని తీసేయడం, అంతే. అది లేకపోయినా మనిషి బతుకుతాడు కదా అనుకున్నారు. 1952లో ఇండియానాపోలిస్ నగరంలో హెరాల్డ్ కింగ్, హ్యారిస్ షూమేకర్ అనే సర్జన్లు, పసితనంలో రక్త వ్యాధికి ప్లీహం తీసేసిన ఐదుగురు పిల్లలకు తర్వాత భయంకరమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయని, కొందరు చనిపోయారని రాశారు. ప్లీహం లేని మనిషికి అలాంటి ఇన్ఫెక్షన్ అరుదుగా వస్తుంది గానీ, వచ్చిందంటే పొద్దున జ్వరం, రాత్రికి ప్రాణం మీదికి. సకాలంలో వైద్యం అందినా సగం మంది దాకా దక్కకపోవచ్చు.

ఇక్కడ మనవాడు ఒకాయనను తలుచుకోవాలి. డాక్టర్ పురుషోత్తం ఉపాధ్యాయ. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సర్జన్. తలలో నీరు చేరే పిల్లల కోసం మన దేశంలోనే చవకగా తయారయ్యే షంటు గొట్టాన్ని రూపొందించిన మనిషిగా చాలామంది డాక్టర్లకు తెలుసు. ప్లీహం విషయంలో ఆయన చేసిన మేలు అంతగా జనానికి చేరలేదు. టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో ప్లీహం దెబ్బతిన్న పిల్లలకు కొన్నేళ్లుగా ఆపరేషన్ లేకుండా వైద్యం జరుగుతుండేది. ఆ రికార్డులన్నీ పరిశీలించి ఉపాధ్యాయ, జేమ్స్ సింప్సన్ కలిసి 1968లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఆపరేషన్ చేసిన పిల్లల్లో కూడా కడుపు తెరిచేసరికి ప్లీహం నుంచి నెత్తురు కారడం చాలామందిలో అప్పటికే ఆగిపోయి ఉందని చెప్పారు. అదే ఏడాది కోతుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు కూడా వెలువడ్డాయి. చీల్చిన ప్లీహం దానంతటదే మానుతోంది. ప్లీహం అంటేనే ముట్టుకుంటే చిరిగిపోయే అవయవం, దానికి మానే గుణం ఎక్కడిది అని నమ్ముతున్న సర్జన్ల ముందు ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. ఈ రోజు నెత్తురు పోటు నిలకడగా ఉన్న గాయపడ్డ పిల్లాడిని ప్రపంచంలో ఎక్కడైనా ఆపరేషన్ బల్ల ఎక్కించకుండా కాపాడుతున్నారంటే అందులో ఆయన చేయి ఉంది.

ఆయన కాలానికి సీటీ లేదు. మొదటి సీటీ యంత్రం కింద మొదటి రోగి పడుకున్నది 1971లో. అంతకుముందు కనిపెట్టుకుని ఉండడం అంటే నాడి పట్టడం, నెత్తురు పోటు చూడడం, పొట్ట మీద చేయి వేసి ఉండడం. ఇప్పటికీ వాటిని మించిన స్కాన్ లేదని నేను అంటాను. రాత్రి రెండు గంటలకు లేచి నాడి లెక్కపెట్టే నర్సమ్మ లేని దవాఖానలో ఎంత మంచి యంత్రం ఉన్నా కోయకుండా వైద్యం చేయడం ప్రమాదమే.

సరే, మన ప్రాంతానికి వద్దాం. ఆదిలాబాద్, కిన్వట్, మాహూర్ అడవుల్లో ప్లీహం అంటే జనానికి కొత్త మాటేమీ కాదు. కడుపులో బల్ల పెరిగింది అనే మాట మన ముసలివాళ్ల నోట విన్నదే. మలేరియా మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకు ప్లీహం ఉబ్బుతుంది. పక్కటెముకల చాటు దాటి కిందికి దిగుతుంది, పైపొర సాగి పలచబడుతుంది. బ్రిటిష్ కాలంలో ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పిల్లల్ని వరసగా నిలబెట్టి పొట్టలు తడిమి, ఎంతమందికి ప్లీహం తగులుతోందో లెక్కగట్టేవారు. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. ఈ లెక్క అంతకు యాభై ఏళ్ల ముందు నుంచే ఉంది.

ఉబ్బిన ప్లీహం ఎంత చిన్న దెబ్బకు పగులుతుందో చెప్పే ఒక పాత కేసు ఉంది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు తన గుర్రాలు చూసుకునే సయీసు కట్వారూ మీద చేయి చేసుకున్నాడు. ఆ సయీసు కాసేపటికే చనిపోయాడు. శవపరీక్షలో ప్లీహం పగిలిందని తేలింది. మేజిస్ట్రేటు ఫుల్లర్‌కు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయ్ లిట్టన్ ఆ తీర్పును తప్పుపడుతూ రాయడంతో దేశంలోని ఇంగ్లీషువాళ్లంతా భగ్గుమన్నారు. వాడి ప్లీహం ముందే జబ్బుది, మా దెబ్బది ఏముంది అనే వాదన ఆ రోజుల్లో ఎన్నో కచేరీల్లో తెల్లవాళ్లను కాపాడింది. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుతకుతలాడుతుంది. కానీ ఆ శవపరీక్షల్లో బయటపడిన సంగతి మాత్రం వైద్యానికి పనికొచ్చేదే. ముందే ఉబ్బిన ప్లీహానికి గాయమైతే దాన్ని మామూలు ప్లీహంలా చూడకూడదు.

మలేరియా ఇప్పుడు బాగా తగ్గింది. సికిల్ సెల్ మిగిలింది. గోండులతో సహా మధ్య భారతపు ఆదివాసుల్లో ఈ రక్త వ్యాధి ఎక్కువ. ఆఫ్రికాలో సికిల్ సెల్ ఉన్న పిల్లలకు చిన్నతనంలోనే ప్లీహం ఎండి కుంచించుకుపోతుంది. మన దేశంలో కనిపించే రకంలో చాలామందికి ప్లీహం పెద్దయ్యాక కూడా ఉబ్బే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. అన్నా, అక్కా, ఆ కార్డు ఇంట్లో ఎక్కడో పెట్టెలో దాచకండి. దెబ్బ తగిలి దవాఖానకు పోయినప్పుడు మొదట చూపాల్సిన కాగితం అదే. రెండో స్కాన్ కావాలా వద్దా అన్నది ఆ ఒక్క కాగితం వల్ల మారిపోవచ్చు.

ఇప్పుడు మొదటి స్కాన్‌లో ఏం కనిపిస్తుందో చెబుతాను. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ తీస్తారు. మందు ప్లీహంలోకి చేరగానే ఆరోగ్యంగా ఉన్న కండ తెల్లగా మెరుస్తుంది, చీలిక నల్లటి గీతలా కనబడుతుంది. దాన్ని బట్టి గాయానికి గ్రేడు వేస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది. చీలిక లోతు ఒక సెంటీమీటరు లోపు అయితే ఒకటో గ్రేడు, మూడు సెంటీమీటర్ల దాకా రెండో గ్రేడు, అది దాటితే మూడు. నాలుగులో పెద్ద నాళాలు తెగి ప్లీహంలో పావు భాగానికి పైగా నెత్తురు అందకుండా పోతుంది. ఐదు అంటే ప్లీహం ముక్కచెక్కలైనట్టు. 1989లో అమెరికా ట్రామా సర్జన్ల సంఘం ఈ కొలత తయారుచేసింది. 2018లో దాన్ని సవరించి ఒక ముఖ్యమైన మార్పు చేశారు. చీలిక చిన్నదైనా సరే, నాళం దెబ్బతిన్న గుర్తు స్కాన్‌లో కనిపిస్తే గాయాన్ని నాలుగో గ్రేడుకు ఎక్కిస్తారు.

ఆ నాళం సంగతే అసలు విషయం. ధమని గోడ పూర్తిగా తెగితే నెత్తురు చిమ్ముతుంది, మొదటి స్కాన్‌లోనే దొరికిపోతుంది. గోడ కొంచెం చిరిగితే అలా జరగదు. నెత్తురు బయటికి రావాలని చూస్తుంది, చుట్టూ ఉన్న కండ, గడ్డకట్టిన నెత్తురు కలిసి దాన్ని ఆపుతాయి. పాత సైకిల్ ట్యూబు బలహీనమైన చోట ఉబ్బినట్టు అక్కడ ఒక బుడగ లేస్తుంది. డాక్టర్లు స్యూడో అన్యూరిజం అంటారు. మనం ధమని బుడగ అనుకుందాం. దెబ్బ తగిలిన మొదటి గంటల్లో అది ఉండకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో లేస్తుంది. రోగికి ఏమీ తెలియదు. నొప్పి పెరగదు, హిమోగ్లోబిన్ పడిపోదు, మనిషి జావ తాగుతూ నవ్వుతూ ఉంటాడు. కొన్ని బుడగలు వాటంతటవే మూసుకుపోతాయి. కొన్ని పగులుతాయి.

అమెరికాలోని మెంఫిస్ నగరపు సర్జన్లు 1998లో ఒక లెక్క బయటపెట్టారు. తమ దగ్గర ఇలాంటి బుడగలు బయటపడిన రోగుల్లో నూటికి 74 మందికి మొదటి స్కాన్‌లో బుడగ లేదు, తర్వాత తీసిన స్కాన్‌లోనే కనబడింది అన్నారు. రెండో స్కాన్ అనే ఆలోచనకు బలం వచ్చింది అక్కడి నుంచే. బుడగ దొరికితే కడుపు కోయనక్కర్లేదు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని ప్లీహం దాకా పంపి, చిన్న లోహపు చుట్టలతోనో జెల్లీ లాంటి పదార్థంతోనో ఆ నాళాన్ని మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. అందరు పెద్ద సర్జన్లూ ఆ పని చేయలేరు. దానికి వేరే శిక్షణ, వేరే గది కావాలి. అన్ని జిల్లా దవాఖానల్లో అది ఉండదు. బుడగ ఉందని ముందే తెలిస్తే హైదరాబాద్‌కో నాగ్‌పూర్‌కో పంపడానికి వ్యవధి ఉంటుంది. పగిలాక తెలిస్తే ఆ వ్యవధి ఉండదు.

మరి పెద్ద గాయం ఉన్నవాళ్లందరికీ ముందుజాగ్రత్తగా నాళం మూసేస్తే పోలేదా? ఫ్రాన్సులో కొన్ని ఆసుపత్రులు కలిసి 140 మంది మీద ఈ ప్రశ్నను పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించాయి. ప్లీహం తీవ్రంగా దెబ్బతిన్నా పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు వెంటనే ఎంబొలైజేషన్. రెండో జట్టును ఊరికే కనిపెట్టుకుని ఉన్నారు. నెల తిరిగేసరికి మొదటి జట్టులో నూటికి 98 మందికి, రెండో జట్టులో 93 మందికి ప్లీహం దక్కింది. లెక్కల శాస్త్రం ప్రకారం అది తేడా కింద రాదు. కాబట్టి అందరికీ ముందే మూసేయనక్కర్లేదు. కానీ ఆ రెండో జట్టును ఎలా చూశారో కూడా గమనించాలి. ఐదో రోజున వాళ్లకు మళ్లీ స్కాన్ తీశారు. అవసరం పడ్డ కొందరికి అప్పుడు నాళం మూశారు. వాళ్లు గెలిచింది ఊరికే వదిలేస్తే కాదు, పట్టుదలగా మళ్లీ చూస్తే.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకు చెబుతారు? పెద్ద సంఘాలే ఒక్క మాట మీద లేవు కాబట్టి. అమెరికాలో ఈస్ట్ అనే ట్రామా సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అందరికీ మామూలుగా మళ్లీ స్కాన్ తీయాలనడానికి సరిపడా ఆధారం లేదు, రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోండి అన్నారు. ప్రపంచ అత్యవసర సర్జన్ల సంఘం 2017లో ఇంకొంచెం విడమరిచి చెప్పింది. గాయం ఒక మోస్తరుది గానీ తీవ్రమైనది గానీ అయినప్పుడు, నెత్తురు శాతం పడిపోతున్నప్పుడు, నాళాల్లో తేడా కనిపించినప్పుడు, ప్లీహానికి ముందే జబ్బు ఉన్నప్పుడు, నెత్తురు గడ్డకట్టని లోపం ఉన్నప్పుడు, తలకు దెబ్బ తగిలి రోగి తన బాధ చెప్పుకోలేనప్పుడు, దవాఖానలో ఉండగానే మళ్లీ సీటీ తీయడం ఆలోచించమంది. ప్లీహానికి ముందే జబ్బు ఉన్నప్పుడు అన్న మాట మన ప్రాంతం గురించే రాసినట్టు ఉంటుంది.

పిల్లల సంగతి వేరు. అమెరికా పిల్లల సర్జన్ల సంఘం 2000లోనే, ప్లీహం గాయం మానుతున్న పిల్లలకు మామూలుగా మళ్లీ స్కాన్ అవసరం లేదని చెప్పింది. పిల్లల ప్లీహం పైపొర దళసరి, నాళాలు గట్టిగా ముడుచుకుంటాయి, మానే గుణం ఎక్కువ. పైగా సీటీలో ఎక్స్‌రే కిరణాలు ఉంటాయి. కడుపు సీటీ ఒక్కటి తీస్తే ఇంచుమించు 8 నుంచి 10 మిల్లీసీవర్టుల కిరణాలు ఒంట్లోకి పోతాయి. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి సగటున చేరేది 2.4. అంటే ఒక్క స్కాన్‌తో మూడు నాలుగేళ్లది ఒకేసారి. పెద్దవాడి ప్రాణం కాపాడే స్కాన్‌కు అదేమంత ధర కాదు. ఎదిగే పిల్లలకు అవసరం లేకుండా రెండు మూడుసార్లు తీయడం మాత్రం తగదు. పిల్లలకు, గర్భిణులకు సోనోగ్రఫీతో పని జరిగినంతవరకు దానితోనే జరపాలి.

సోనోగ్రఫీ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అది చవక, కిరణాలు లేవు, చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది. కడుపులో నెత్తురు పెరిగిందా తగ్గిందా, గడ్డ ఎంత ఉంది అన్నవి బాగా చెబుతుంది. ధమని బుడగను మాత్రం మామూలు సోనోగ్రఫీ సులభంగా పట్టుకోలేదు. రంగుల డాప్లర్ పెడితే కొన్నిసార్లు దొరుకుతుంది, కొన్నిసార్లు తప్పిపోతుంది. సన్నని గాలి బుడగలున్న మందు నరంలోకి ఎక్కించి తీసే సోనోగ్రఫీ దీనికి చాలా మెరుగు, కానీ అది ఉన్నచోట్లు తక్కువ. కాబట్టి మూడో గ్రేడు గాయం ఉన్నవాడు నాలుగో రోజున సోనోగ్రఫీ బాగుంది అన్న రిపోర్టు చూసి గండం గడిచిందనుకోకూడదు. ఆ పరీక్ష చూడగలిగినంతే చూసింది.

ఇప్పుడు గోకుందకు వస్తాను. గోకుంద దగ్గరి ఒక పల్లె రైతు అనుకుందాం. పత్తి మూటల ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. మూడో గ్రేడు గాయం. నాందేడ్‌లో చేర్చారు, మూడు రోజుల్లో కుదుటపడ్డాడు. డిశ్చార్జి కాగితం మీద వారం తర్వాత సీటీ తీయించుకుని రండి అని రాశారు. నగరంలో ఉన్నవాడికి ఆ వాక్యం వైద్యమే. ఈ రైతుకు ఆ వాక్యంతో ఒరిగేదేమీ లేదు. పత్తి ఏరే కాలం. తోడు రావడానికి ఇంట్లో ఇంకో మనిషి కూలి వదులుకోవాలి. వంద కిలోమీటర్లకు పైగా బస్సు కుదుపులు. పైగా ఒంట్లో బాగానే ఉంది. అతను రాడు. రాడని ఆ కాగితం రాసినవారికి కూడా తెలుసు. బుడగ పగిలే ప్రమాదం ఎక్కువ ఉన్న రోజుల్లోనే అతను ఎంబొలైజేషన్ గదికి అందనంత దూరంలో ఉంటాడు.

అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. గాయం మూడో గ్రేడు లేదా ఆపైన ఉండి, ఊరు దూరమైతే, రెండో సీటీ ఇంటికి పంపకముందే తీయాలి. 48 గంటల తర్వాత, 72 గంటల లోపల. అదే మంచం మీద ఉండగా. మలేరియా వల్లో సికిల్ సెల్ వల్లో ప్లీహం ముందే ఉబ్బి ఉంటే, గ్రేడు రెండే అయినా తీయాలి. అదే గాయం ఉన్న మనిషి ఇల్లు దవాఖాన వెనక వీధిలో ఉంటే లక్షణాలను బట్టి ఆగుదాం అనడంలో తప్పు లేదు. ఒకే గాయానికి రెండు ఊళ్లకు రెండు జవాబులా అని ఎవరైనా అడిగితే, అవును అంటాను. రోగి ఇల్లు ఎక్కడుందో అడగకుండా స్కాన్ తేదీ రాయడం సగం వైద్యమే. చిన్న గాయం, ఒకటో గ్రేడు, ప్లీహం మామూలు పరిమాణం, హిమోగ్లోబిన్ నిలకడ, ఇలాంటివాళ్లకు రెండో సీటీ అక్కర్లేదు. వాళ్లకు కూడా తీసి బిల్లు వేయడం అన్యాయం.

ఇంటికి పోయాక ప్రమాదం ఎంత? అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 2009లో వేసిన లెక్క ఉంది. కోయకుండా నయం చేసి ఇంటికి పంపినవాళ్లలో ఆరు నెలల లోపు ప్లీహం తీసేయాల్సి వచ్చింది నూటికి 1.4 మందికి. తక్కువే. కానీ ఆ తక్కువమందిలో మన మనిషి ఉంటే దవాఖాన ఎంత సేపట్లో అందుతుంది అన్నదే ప్రశ్న. అందుకే ప్రపంచ సంఘం మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన సలహా ఒకటుంది. ఇంటికి పోయిన మొదటి వారాల్లో ఒంటరిగా, జనం లేని చోట ఉండవద్దు అని. మన దగ్గర దానికి అర్థం చాలా స్పష్టం. అడవి పందుల నుంచి పంట కాపాడడానికి రాత్రి మంచె మీద ఒక్కడే పడుకోకూడదు. మోతుకు ఆకుకో విప్పపువ్వుకో ఒంటరిగా అడవిలోకి పోకూడదు. ఆ పని అన్నదమ్ములో బావమరిదో కొన్నాళ్లు చూసుకోవాలి.

ఎడమ భుజం కొసన కొత్తగా నొప్పి వస్తే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, చెమటలు పట్టి గుండె దడదడలాడితే, పొట్ట గట్టిపడితే, అది అజీర్తి అనుకుని సోడా తాగి పడుకోవద్దు. 108కు ఫోన్ చేయాలి. రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. భుజానికీ ప్లీహానికీ ఏం సంబంధం అని అనుకోవచ్చు. కారిన నెత్తురు కడుపు పైకప్పులా ఉండే కండరాన్ని తాకితే ఆ బాధ భుజంలో తెలుస్తుంది. పొట్టకు నూనె రాసి తోమించడం వద్దే వద్దు. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి మింగవద్దు, వాటిలో కొన్ని నెత్తురు గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి.

బరువు పని ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న, రైతుకు అదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. చిన్న గాయానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్ద గాయానికి రెండు నుంచి నాలుగు నెలలు ఆగమంటారు. చాలామంది ప్లీహాలు రెండు రెండున్నర నెలల్లో మానిపోతాయి. ఈ గడువు ముగిసేటప్పుడు పెద్ద గాయం ఉన్నవాళ్లు దగ్గర్లోనే ఒక సోనోగ్రఫీ చేయించుకుంటే, కావడి మోయవచ్చో లేదో డాక్టరు నమ్మకంగా చెప్పగలుగుతారు. దీనికి మళ్లీ నాందేడ్ పోనక్కర్లేదు. పిల్లలకైతే గ్రేడు అంకెకు రెండు కలపండి. మూడో గ్రేడు అయితే ఐదు వారాలు సైకిలు, కబడ్డీ, చెట్టెక్కడం బందు. సైకిలు హ్యాండిలు పొట్టలో గుచ్చుకుని వచ్చే గాయాలు పిల్లల్లో మామూలే కాబట్టి బడిలో పంతులుగారికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి.

కాగితాల విషయం చిన్నదిగా అనిపిస్తుంది గానీ, గోకుంద లాంటి చోట సగం పని దాని మీదే నడుస్తుంది. 1956లో రాష్ట్రాలు తిరిగి గీసినప్పుడు కిన్వట్ తాలూకాను ఆదిలాబాద్ జిల్లా నుంచి తీసి నాందేడ్‌లో కలిపారు. చుట్టరికాలు, సంతలు, దవాఖానకు పరుగులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నాయి. ఇటు మహారాష్ట్రలో మహాత్మా ఫూలే జన ఆరోగ్య పథకం, అటు తెలంగాణలో ఆరోగ్యశ్రీ. మీ కార్డు ఏ దవాఖానలో చెల్లుతుందో చేరిన రోజే అడిగి తెలుసుకోండి. అంతకన్నా ముఖ్యం, మొదటి సీటీ బొమ్మలున్న సీడీ. రిపోర్టు ఒక్కటే చాలదు. మొదటి స్కాన్ నాందేడ్‌లో అయి, రెండో స్కాన్ ఆదిలాబాద్‌లో అయితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే గడ్డ పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. సోనోగ్రఫీ చేసే డాక్టరును కూడా ప్లీహం పొడవు, గడ్డ కొలత, నీరు ఎంత ఉందో అంకెల్లో రాయమని అడగండి. బాగుంది అన్న ఒక్క మాటతో తర్వాత చూసేవారికి పోల్చుకునే వీలుండదు.

డిశ్చార్జి కాగితం మీద నాలుగు సంగతులు ఉన్నాయో లేదో దవాఖాన మెట్లు దిగకముందే చూసుకోండి. గాయం గ్రేడు ఎంత. రెండో స్కాన్ తీశారా, తీస్తే బుడగ ఉందా లేదా. చివరి హిమోగ్లోబిన్ ఎంత. బరువు పని ఏ తేదీ నుంచి చేయవచ్చు. ఒకవేళ ప్లీహం తీసేయాల్సి వస్తే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు వేశారా అన్నది ఐదో సంగతి. అవి సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు వారాలకు వేస్తారు, కాబట్టి ఇంటికి పంపేటప్పటికి ఇంకా వేసి ఉండకపోవచ్చు. ఏ తేదీన, ఎక్కడ వేయించుకోవాలో రాయించుకోండి. అలాంటివాళ్లు ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోయి, నాకు ప్లీహం లేదు అని మొదటి మాటగా చెప్పాలి.